మాదీఫలం రాని ఏడు

మా పంచాంగంలో ఇది కోతల పండగ.
మా పెరట్లో మాత్రం
ఆపిల్ చెట్టు ఇప్పుడే పూతకొచ్చింది,
బంగాళాదుంపలు నాటి పది రోజులు కాలేదు.
న్యూజిలాండ్ దక్షిణపు కొసన కాపురం పెట్టిన వాళ్ళకి
రుతువులెప్పుడూ తలకిందులే.
అయినా సరే,
ప్రార్థనా మందిరం వెనక, కార్లు ఆపే చోట
ఏటా లాగే పందిరి వేశాం.

వేశాం అంటే,
ఇసిడోర్ నిచ్చెనెక్కాడు,
మిగతా వాళ్ళం కింద నిలబడి సలహాలిచ్చాం.
గోడలు మూడు: పాత తలుపులు రెండు,
మూతబడ్డ బూట్ల దుకాణం బోర్డు ఒకటి.
'అన్ని సైజులూ దొరుకును' అన్న అక్షరాలు లోపలివైపుకి.
కప్పు మీద మనూకా కొమ్మలు.
ఎండకంటే నీడ ఎక్కువుండాలి,
సందుల్లోంచి చుక్కలు కనబడాలి.
శాస్త్రం అంతే చెప్పింది.
వాన పడకూడదని ఎక్కడా చెప్పలేదు.

మాదీఫలం ఒక్కటంటే ఒక్కటి
పీచు చుట్టుకుని, పెట్టెలో, సముద్రాలు దాటి వచ్చింది.
విమానాశ్రయంలో తామతి అనే కుర్రాడు ఆపేశాడు.
తొడిమ ఉంది, చీడ ఉండొచ్చు అన్నాడు.
'దాని ముక్కు విరిగితే పనికిరాదు బాబూ, చాకు పెట్టకు' అని
పెర్లా ఫోన్లో బతిమాలింది.
నలభై ఏళ్ళు బడి పంతులమ్మ;
ఆమె ఒకరిని బతిమాలడం నేనెరగను.
చట్టం చట్టమే.
పండు అతని ఫ్రిజ్‌లో,
పెట్టె మా బల్ల మీద.

మొదటి రాత్రి పందిట్లో
ఆ ఖాళీ పెట్టె చేతులు మారింది.
ఒక్కొక్కరం మూత తీసి వాసన చూశాం.
పీచులో ఇంకా ఉంది:
నిమ్మ కాదు, నారింజ కాదు,
మా నాన్న ప్రార్థన శాలువా మడతల్లో ఉండేదే.
ఆరేళ్ళ హదస్సా మొహమంతా లోపల పెట్టి
గట్టిగా తుమ్మింది.
'ఆరోగ్యం!' అన్నాం, ఆరు యాసల్లో.

జెల్డా, పెర్లా మాట్లాడుకుని పద్నాలుగేళ్ళు.
మందిరం కర్టెన్ రంగు దగ్గర మొదలైంది,
ఎటు పోయిందో వాళ్ళకే గుర్తులేదు.
ఎడమొహం పెడమొహంగానే
ఒకే వంటగదిలో రెండు గిన్నెల సూపు కాస్తారు.
మేం రెండూ తాగాలి.
రెండూ బాగున్నాయనాలి, విడివిడిగా,
రెండో ఆమె చెవిన పడకుండా.
పెట్టె జెల్డా దాకా వచ్చింది. పక్కన పెర్లా.
చేతికివ్వలేదు;
బల్ల మీద పెట్టి వేలితో తోసింది.
'అదీ ఎక్కువే' అన్నాడు ఇసిడోర్ నా చెవిలో.

ఆదివారం తామతి వచ్చాడు.
యూనిఫాం లేదు, తడిసిన చొక్కా.
సంచీలో వాళ్ళ నాయనమ్మ చెట్టు నిమ్మకాయలు, ముప్పై.
'ఇవి పనికొస్తాయా?'
ఏమని చెప్పడం?
గ్రంథాల్లో నిమ్మకాయకి చోటు లేదు.
బల్ల మీద ఉంది.

ఆ పొద్దున ప్రార్థనకి తొమ్మిదిమందే,
పదో మనిషి కోసం అందరి చూపూ గుమ్మం మీదే.
ఆడవాళ్ళం లెక్కలోకి రాం.
వస్తే ఎప్పుడో పదిహేను దాటేవాళ్ళం.
తామతీ పదిలోకి రాడు.
సూపుకి వస్తాడు. వచ్చాడు.
ఎవరి గిన్నెలోది ముందో తెలియక
పాపం, రెండూ ఒకే పళ్ళెంలో పోసుకున్నాడు.
వంటగది గుమ్మంలో ఇద్దరికీ నోట మాట లేదు.
అతను ఇంకో గరిటె అడిగాడు.

ఎనిమిదో రోజు వాన కోసం ప్రార్థన.
మా కోసం కాదు,
ఎక్కడో ఎండిన కొండల కోసం.
మందిరం కప్పు కారుతుంటే బకెట్లు పెట్టుకుని చదివాం.
'మాకు పడేది వాళ్ళకి పంపు' అని
వెనక వరసలో ఎవరో గొణిగారు.
నేనే అయ్యుంటాను.

పండగ వెళ్ళాక నిమ్మకాయలు మార్మలేడ్ అయ్యాయి.
రెండు గిన్నెల్లోనే, అందులో మార్పు లేదు.
కానీ ఈసారి సీసాల మీద పేర్లు రాయలేదు.
ఏది ఎవరిదో చెబుతానని పందెం కాసి
ఇసిడోర్ నాకు పది డాలర్లు బాకీ పడ్డాడు.

ఖాళీ పెట్టె నా దగ్గరుంది.
మందిరం తాళాలు అందులో వేస్తున్నాను.